ఎకోలో ఊపిరితిత్తుల ప్రెషర్ ఎలా తెలుస్తుంది?

ప్రశ్న:
మా పాపకు మూడేళ్లు, గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం (వీఎస్‌డీ) ఉంది. ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో "టీఆర్ జెట్ 3.2, ఆర్‌వీఎస్‌పీ 46" అని రాశారు. సూది కూడా గుచ్చలేదే, లోపలి ప్రెషర్ ఎలా తెలిసింది? రాత్రంతా ఒకటే టెన్షన్.

జవాబు:
పదకొండేళ్లుగా ఎకోలు తీస్తున్నానమ్మా. గుండె కుడివైపు గదుల మధ్య కవాటంలోంచి వెనక్కి చిమ్మే రక్తం వేగం చూస్తాం, అదే టీఆర్ జెట్. 3.2ని 3.2తో, మళ్లీ 4తో గుణిస్తే 41. కుడి కర్ణికలో ఉండొచ్చనుకునే ప్రెషర్ 5 కలిపితే 46. అదే ఆర్‌వీఎస్‌పీ, అంటే కుడి జఠరిక పిండినప్పటి ప్రెషర్; మామూలుగా ఊపిరితిత్తుల ప్రెషర్ కూడా అంతే. ఊపిరితిత్తులకు వెళ్లే పల్మొనరీ కవాటం దగ్గర దారి ఇరుకైతే మాత్రం ఆ అంకె ఊపిరితిత్తుల ప్రెషర్ కాదు. పిల్లలు ఏడిస్తే జెట్ సరిగా దొరకదు. నేనైతే పాలసీసా ఇచ్చి కాసేపు ఆగుతాను. రంధ్రం జెట్, బీపీ రాశారా?

జవాబు:
మా బాబుకి ఎకోలో 60 అన్నారు, కేథ్‌లో (సన్నని గొట్టం గుండెలోకి పంపి నేరుగా కొలిస్తే) 48 వచ్చింది. ఒక్క అంకె చూసి బెంగపడకండి.

అడిగినవారు:
రాశారు. జెట్ 3.7, పై బీపీ 100. దారి ఇరుకు లేదని కూడా ఉంది.

జవాబు:
3.7కి అదే గుణకారంతో 55, అది ఎడమ, కుడి జఠరికల ప్రెషర్ల తేడా. ఎడమవైపు ప్రెషర్ పై బీపీ అంతే అనుకుని, వందలోంచి తీసేస్తే కుడివైపు 45. రెండు దారుల్లోనూ దాదాపు ఒకటే వచ్చింది, కొలత బాగానే తీశారు. ఆపరేషన్ ఎప్పుడు, కేథ్ కావాలా అన్నది డాక్టరుగారిని అడగండి.