280 క్యామ్ పెద్దదా, 270 పెద్దదా: అంకె చూసి ఎంచుకోవచ్చా?

పాలమూరు రెవ్స్:
మా దోస్తుల మధ్య తెగని పంచాయితీ ఒకటి ఇక్కడ పెడుతున్న. పాత మారుతి ఎస్టీమ్ 1.3, 16 వాల్వుల ఇంజన్‌కు క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్) మార్చాలని రెండిట్ల ఒకటి ఎంచుకుంటున్నం. ఒకటి 280 డిగ్రీలు, ఇంకోటి 270. అంటే క్రాంక్ తిరుగుడులో వాల్వు అన్ని డిగ్రీలు తెరిచి ఉంటది, దాన్నే డ్యూరేషన్ అంటరు. లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) రెండిటికీ దగ్గరదగ్గరే. బండి రోజూ మహబూబ్‌నగర్, జడ్చర్ల మీదుగా 44 హైవే మీద తిరిగేది, అప్పుడప్పుడు శ్రీశైలం ఘాట్ ఎక్కేది. నా మాటైతే 270 అంటే మైల్డ్, 280 అంటే హాట్. డ్యూరేషన్ పెరిగితే పై ఆర్పీఎంలో పవర్ పెరుగుతది, కింది ఆర్పీఎంలో తగ్గుతది. ఇంతకంటే లెక్కలు ఎందుకు?

నల్గొండ టాపెట్:
అన్నా, ఆ 280ని ఎంత లిఫ్ట్ దగ్గర కొలిచిన్రో కాగితం మీద ఉన్నదా? అసలు తేడా అక్కడే. ఒకరు 0.15 మి.మీ లిఫ్ట్ నుంచి లెక్కబెడ్తరు, ఇంకొకరు 0.1 నుంచి, కొందరైతే ర్యాంప్ (క్యామ్ మీద వాల్వును లేపే వాలు) మొదలైన కాడి నుంచే. వాల్వు వెంట్రుక మందం లేచినప్పుడు గాలి పోయేదేం ఉండదు. అందుకే 1 మి.మీ దగ్గర, లేకుంటే అమెరికా వాళ్ల పద్ధతిలో 1.27 మి.మీ దగ్గర డ్యూరేషన్ అడగాలె.

ఉదాహరణకు మొదటి క్యామ్ 0.15 దగ్గర 280, 1 మి.మీ దగ్గర 228 అనుకో. రెండోది 0.15 దగ్గర 270, 1 మి.మీ దగ్గర 232. ఇప్పుడు పని చేసేకాడ పెద్దది 270 అన్నదే. వాల్వును జల్ది లేపి జల్ది దించుతది. ఐడిల్ కూడా దానిదే సాఫుగ ఉంటది, ఎందుకంటే ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే డిగ్రీలు) తక్కువ. కాకపోతే ర్యాంప్ నిలువుగా ఉంటది కాబట్టి స్ప్రింగు, రాకర్ (క్యామ్ నుంచి వాల్వును నొక్కే చెయ్యి) మీద భారం ఎక్కువ పడుతది.

ఇంకోటి. టాపెట్ గ్యాప్ (రాకర్‌కు, వాల్వు కొనకు నడుమ వదిలే సందు) పెంచితే అదే క్యామ్ డ్యూరేషన్ కొన్ని డిగ్రీలు తగ్గుతది. గ్యాప్ ఎంత పెట్టి కొలిచిన్రో చెప్పని అంకెను పక్కన పెట్టు.

సాగర్ రోడ్:
టాపెట్ అన్న చెప్పింది సగమే. లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల, అంటే క్యామ్ మీది ఉబ్బుల, ముక్కుల నడుమ కోణం) లేకుండా డ్యూరేషన్ ఒక్కటే పట్టుకుంటే ఏం తెలుస్తది? ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ డ్యూరేషన్ల సగటు తీసుకొని, అందులో నుంచి లోబ్ సెపరేషన్‌కు రెట్టింపు తీసెయ్యి. మిగిలింది ఓవర్‌ల్యాప్. 280, సెపరేషన్ 108 అయితే 64 డిగ్రీలు. 270, సెపరేషన్ 112 అయితే 46. డ్యూరేషన్‌లో తేడా పదే, ఓవర్‌ల్యాప్‌లో 18.

ఆ 18 డిగ్రీలు ట్రాఫిక్‌లో తెలుస్తయ్. ఐడిల్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ పడిపోతది. మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో ప్రెషర్ కొలిచేది) ఉన్న బండిలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) దాన్ని లోడ్ అనుకొని పెట్రోలు ఎక్కువ పోస్తది. బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్ చాలక పెడల్ గట్టిపడుతది. మే నెల నల్గొండ ఎండలో క్లాక్ టవర్ కాడ ఏసీ వేసుకొని నిలబడితే కంప్రెసర్ ఎక్కినప్పుడల్లా ఇంజన్ కూలబడుతది. ఐడిల్ స్క్రూ తిప్పి 1,100 మీద పెట్టుడు మందు కాదు, ఈసీయూలో పెట్రోలు లెక్క (ఫ్యూయల్ మ్యాప్) మార్చాలె.

పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి కూడా చూసుకో. బీఎస్ 2, బీఎస్ 3 పెట్రోల్ కార్లకు ఐడిల్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.5 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 750 పీపీఎం దాటొద్దు. బీఎస్ 4 నుంచి 0.3, 200. ఓవర్‌ల్యాప్‌లో కాలకుండా బయటపడే పెట్రోలు నేరుగా హెచ్‌సీ కింద కనపడుతది.

జడ్చర్ల 44:
ఇట్ల భయపెట్టుకుంట పోతే ఎవ్వరూ క్యామ్ మార్చరు. పెద్ద క్యామ్ చెడ్డది కాదు, దాన్ని స్టాక్ కంప్రెషన్ మీద పెట్టుడు చెడ్డది. లెక్క ఇదిగో. స్ట్రోక్ 75.5 మి.మీ, కనెక్టింగ్ రాడ్ 120, కంప్రెషన్ 9.5 అనుకుందాం. ఇన్‌టేక్ వాల్వు బీడీసీ (పిస్టన్ అట్టడుగున ఉండే చోటు) తర్వాత 50 డిగ్రీలకు మూసుకుంటే నిజంగా పనిచేసే కంప్రెషన్ 8.4 దగ్గర ఉంటది. 280 క్యామ్‌ను 105 సెంటర్‌లైన్ మీద (ఇన్‌టేక్ లోబ్ ముక్కు టీడీసీ, అంటే పిస్టన్ పైకొన, తర్వాత 105 డిగ్రీల కాడ వచ్చేటట్టు) పెడితే వాల్వు 65 డిగ్రీలకు మూసుకుంటది, అప్పుడు 7.6కు పడుతది. కింద దమ్ము పోవుడు అంటే ఇదే. కంప్రెషన్ 10.5 చెయ్యి, పోయిన దాంట్లో చాలా మట్టుకు తిరిగొస్తది, ఎండకాలం నాకింగ్ భయం కూడా స్టాక్ క్యామ్‌తో 10.5 చేస్తే ఉన్నంత ఉండదు.

నల్గొండ టాపెట్:
లెక్క కరెక్టే. కానీ 9.5ని 10.5 చెయ్యాలంటే ఒక్కో సిలిండర్‌కు కంబశ్చన్ చాంబర్‌లో సుమారు 4 సీసీ తగ్గియ్యాలె. హెడ్ ఫేసింగ్‌తోనే (హెడ్ అడుగు చెక్కిచ్చుడుతోనే) చేస్తే మిల్లీమీటరు దాకా లోహం పోతది. అంతే మేర వాల్వు పిస్టన్‌కు దగ్గరైతది. హెడ్ కిందికి దిగినందుకు బెల్టు టైమింగ్ కొంత రిటార్డ్ (ఆలస్యం) కూడా అయితది. పెద్ద క్యామ్, దిగిన హెడ్ రెండూ వాల్వుకు, పిస్టన్‌కు నడుమ ఉన్న ఒకే గ్యాప్‌ను తింటయ్.

అందుకే ఫిట్టింగుకు ముందు క్లియరెన్స్ చూడకుండా సెల్ఫ్ కొట్టొద్దు. పిస్టన్ మీద వాల్వు పాకెట్ కాడ ప్లాస్టిసిన్ ముద్ద పెట్టు, దానికి కొంచెం నూనె రాయి. పాత గ్యాస్కెట్‌తో హెడ్ బిగించి, టాపెట్ గ్యాప్ సున్నా చేసి, క్రాంక్ బోల్టుకు పానా వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పు. యాడనన్న ఆగితే బలవంతం చెయ్యొద్దు, వెనక్కి తిప్పి హెడ్ విప్పు. ముద్దను బ్లేడుతో కోసి సన్నగున్న చోట కొలువు. ఇన్‌టేక్ 2 మి.మీ, ఎగ్జాస్ట్ 2.5 మి.మీకి తగ్గొద్దు. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుతది, పిస్టన్ దాన్ని వెంటాడుతది కాబట్టి దానికి ఎక్కువ. రెండూ దగ్గరికొచ్చేది సరిగ్గ టీడీసీ కాడ కాదు, దానికి అటూ ఇటూ పది డిగ్రీల కాడ.

స్ప్రింగు సంగతి మరువొద్దు. పూర్తి లిఫ్ట్‌లో చుట్లు కలిసిపోయేలోపు ఇంకా 1 నుంచి 1.5 మి.మీ మిగలాలె. రిటైనర్‌కు (స్ప్రింగును పట్టుకునే టోపీ), వాల్వు సీల్‌కు నడుమ కూడా అంతే.

పాలమూరు రెవ్స్:
సరే, ఇవన్నీ చేద్దాం. లేత్ షాపులో పాత క్యామ్‌నే రీగ్రైండ్ చేపిస్తే సగం ఖర్చుకు వస్తది కదా?

సాగర్ రోడ్:
రీగ్రైండ్‌లో లోబ్ ముక్కు మీద లోహం పెరగదు. చుట్టూ బేస్ సర్కిల్ (లోబ్ వెనక గుండ్రటి భాగం) తగ్గించి లిఫ్ట్ తెస్తరు. రాకర్ కిందికి దిగుతది, అడ్జస్ట్ స్క్రూ మరింత బయటికొస్తది, వాల్వు కొన మీద రాకర్ రుద్దే చోటు జరుగుతది. పైపొర గట్టిదనం ఎంత లోతు ఉన్నదో, అది గ్రైండింగ్‌లో పోయిందో లేదో కొలిపించు. మెత్తటి లోబ్ అయితే కొన్ని వందల కిలోమీటర్లకే గుండ్రం అయితది. క్యామ్ కొత్తదైనా, రీగ్రైండ్ అయినా లోబ్‌లకు అసెంబ్లీ లూబ్ రాసి, మొదటి 20 నిమిషాలు 2,000 నుంచి 2,500 ఆర్పీఎం మీద నడపాలె, ఐడిల్‌లో వదలొద్దు. నూనెలో జింక్ చూసుకో, లోబ్ అరగకుండా కాపాడే మందులో జింక్, ఫాస్ఫరస్ కలిసే ఉంటయ్. కొత్త ఎస్‌పీ గ్రేడ్ 5డబ్ల్యు-30లో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటనియ్యరు, 20డబ్ల్యు-50కి ఆ హద్దు లేదు.

జడ్చర్ల 44:
ఇంకో మాట. నువ్వు ఏ ఆర్పీఎంలో తిరుగుతవో ముందు లెక్క కట్టు. 175/70 ఆర్13 టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు. టాప్ గేరు, ఫైనల్ డ్రైవ్ కలిపి 3.5 అనుకుంటే 80 స్పీడులో ఇంజన్ 2,600 లోపే తిరుగుతది. మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక దోమలపెంట దాకా మలుపుల్లో సెకండ్, థర్డ్ మీద దాదాపు అదే రేంజ్. ఆ బండికైతే నేను కూడా 280 పెట్టను. ట్రాక్ కోసమైతే మాత్రం 280 తప్ప ఇంకోటి చూడను, టాపెట్ అన్న ఒప్పుకోకున్నా సరే.

నల్గొండ టాపెట్:
ట్రాక్ కోసమైనా 1 మి.మీ అంకె చూడనిదే ఒప్పుకోను తమ్మీ. రెవ్స్ అన్నా, అమ్మేటాయనను 1 మి.మీ డ్యూరేషన్‌తో పాటు టీడీసీ కాడ ఇన్‌టేక్ లిఫ్ట్ ఎంతో కూడా అడుగు. ఫిట్ చేసేటప్పుడు డయల్ గేజ్‌తో పట్టుకోవడానికి సులువైన కొలత అదే. ఆ కొలతకు క్యామ్‌ను జరుపుడు స్టాక్ పుల్లీతో కుదరదు, 40 పళ్ల పుల్లీలో ఒక్క పల్లు జరిపితే క్రాంక్ మీద 18 డిగ్రీలు పోతది. అడ్జస్టబుల్ పుల్లీ వేసి రెండేసి డిగ్రీలు జరుపు. మీది సింగిల్ క్యామ్ కాబట్టి లోబ్ సెపరేషన్ మాత్రం మారదు, అది కొనేటప్పుడే చూసుకోవాలె.