ఆరుద్ర పురుగును ఫ్లాష్ లేకుండా ఫోటో తీయడం ఎలా?

చెల్కగట్టు:
మిత్రులందరికీ నమస్కారం. తొలకరి పడగానే మా చెల్కల్లో ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. 100 ఎం.ఎం. మ్యాక్రో లెన్సుతో (చిన్నవాటిని దగ్గరగా తీసేది), ఎఫ్/16 దగ్గర (అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి), పగటి వెలుతురులోనే వాటిని తీస్తున్నాను. ఎండలో తీస్తే ఒంటి మీది నూగు కనిపించక అంతా ఎర్రటి ముద్దలా వస్తోంది. మబ్బులో తీస్తే వెలుతురు చాలదు, పురుగేమో నడక ఆపదు, దాంతో కాళ్ళు అలికినట్టు పడుతున్నాయి. ఏం మార్చుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

నీరెండ:
ఎనిమిది కాళ్ళుంటాయి కనుక శాస్త్రప్రకారం ఇది కీటకాల్లోకి రాదు, సాలీళ్ళ వర్గంలోకి వస్తుంది. తీసే పద్ధతి మాత్రం ఒకటే.

మీ ఇబ్బందికి మూలం ఎఫ్/16. 1:1 నిష్పత్తికి (పురుగు బొమ్మ సెన్సరు మీద అసలు పరిమాణంలోనే పడే దగ్గరికి) చేరేసరికి సెన్సరు మీద పడే కాంతి దాదాపు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు సగం చొప్పున) తగ్గుతుంది కాబట్టి, మీరు పెట్టిన ఎఫ్/16 ఆచరణలో ఎఫ్/32లా పనిచేసి, వెలుతురును మింగేయడమే కాక వివర్తనం (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) వల్ల నూగులోని పదును కూడా పోగొడుతుంది. (నికాన్ కెమెరాలు ఈ తగ్గిన విలువనే తెర మీద చూపిస్తాయి, కానన్‌లో మనం పెట్టిన అంకే కనిపిస్తుంది.) ఎఫ్/8 పెట్టి, షట్టరు వేగం 1/250 సెకనుకు తగ్గకుండా చూసుకుని, ఐ.ఎస్.ఓ.ను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600 దాకా నిస్సంకోచంగా పెంచండి. ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సరు ఉన్న) కెమెరాలో ఎఫ్/8 దగ్గర 1:1లో స్పష్టంగా పడే లోతు ఒక మిల్లీమీటరు మాత్రమే. కాస్త వెనక్కి జరిగి 1:2లో (సగం పరిమాణంలో) తీస్తే అది సుమారు మూడు మిల్లీమీటర్లకు పెరుగుతుంది, కాంతి నష్టమూ తగ్గుతుంది. చిత్రాన్ని తరువాత కత్తిరించుకోవచ్చు.

ఎర్రటి ముద్ద సంగతికి వస్తే, అక్కడ ఎరుపు ఛానెల్ (చిత్రంలోని ఎరుపు రంగు భాగం) ఒక్కటే నిండిపోతోంది. మామూలు హిస్టోగ్రాంలో (కెమెరా చూపే వెలుగుల గ్రాఫులో) అది బయటపడదు. ఎరుపు హిస్టోగ్రాంను విడిగా చూస్తూ, ఎక్స్‌పోజరును 2/3 స్టాపు తగ్గించి, రా ఫైలుగా (కెమెరా మార్పులు చేయని ముడి రూపంలో) తీయండి.

వానకోయిల:
నీరెండ గారు చెప్పినవన్నీ సరైనవే, అయితే 1:2లో నేను ఎఫ్/11 దాకా వెళతాను. అక్కడ పోయే పదును స్వల్పం, ముందు కాళ్ళూ వీపూ కలిసి ఫోకస్‌లోకి రావడం పెద్ద లాభం. వాన వెలిసిన మర్నాటి ఉదయం, పల్చని మబ్బు ఉన్నప్పుడు వెళ్ళండి. ఎండ కాస్తే తెల్ల గొడుగు అడ్డం పెట్టండి, పురుగుకు ఇవతల నేల మీద తెల్ల అట్టముక్క పరిస్తే పొట్ట కింది నీడ విచ్చుకుని కాళ్ళ కణుపులు విడివిడిగా కనిపిస్తాయి. నేల మీద బోర్లా పడుకుని, అది నడిచే దారికి పక్కగా లెన్సు ఉంచి, ఫోకస్ కదపకుండా అదే ఫోకస్ ఉన్న చోటికి వచ్చేదాకా ఆగి వరుసగా నాలుగైదు తీయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా కోరుతున్నాను. తాకితే అది కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉంటుందని కొందరు పుల్లతో కదిపి తీస్తారు, ఇంకొందరు అగ్గిపెట్టెలో వేసుకుని ఇంటికి తెస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఏడాదిలో అవి నేల మీద తిరిగేదే కొద్ది రోజులు, జత కట్టేదీ అప్పుడే.

చెల్కగట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నాది కానన్ కెమెరానే కావడంతో ఆ రెండు స్టాపుల సంగతి ఇన్నాళ్ళూ తెలియలేదు. ఈసారి 1:2లో, ఎఫ్/8తోనూ ఎఫ్/11తోనూ తీసి, రెండు చిత్రాలనూ పక్కపక్కన ఇక్కడ పెడతాను.