ఆకు కషాయంతో చేసిన జింక్ ఆక్సైడ్ నానోకణాలను ‘హరిత సంశ్లేషణ’ అనవచ్చా?

పరిశోధక విద్యార్థి:
జింక్ నైట్రేట్ ద్రావణంలో వేపాకు కషాయం పోసి, చిక్కటి ముద్ద అయ్యేదాకా వేడిచేసి, మఫిల్ ఫర్నేస్ అనే విద్యుత్ కొలిమిలో 500 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చితే తెల్లటి పొడి వస్తోంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణ వివర్తన పరీక్ష) ప్రకారం కణ పరిమాణం 21 నానోమీటర్లు. దీన్ని థీసిస్‌లో హరిత సంశ్లేషణ (హానికర రసాయనాలను, వ్యర్థాలను తగ్గించే తయారీ పద్ధతి) అనడం సబబేనా అన్న విషయంలో మా ల్యాబ్‌లోనే ఏకాభిప్రాయం లేదు.

రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
సబబు కాదని నా అభిప్రాయం. కషాయంలోని పాలీఫీనాల్స్ (మొక్కల్లో ఉండే ఒక రకం సేంద్రియ పదార్థాలు) కణాలను అంటిపెట్టుకుని వాటి పెరుగుదలను ఆపుతాయని వ్యాసం తర్వాత వ్యాసంలో రాస్తున్నారు గానీ, 500 డిగ్రీల వేడిలో, గాలి తగిలే చోట, ఆ సేంద్రియ పదార్థం దాదాపు పూర్తిగా కాలిపోతుంది. ఎఫ్‌టీఐఆర్ (పరారుణ వర్ణపట పరీక్ష)లో 3400, 1630 సెం.మీ⁻¹ దగ్గరి పట్టీలను పాలీఫీనాల్స్ ఉన్నాయనడానికి సాక్ష్యంగా చూపుతారు. పొడి పీల్చుకున్న తేమ కూడా సరిగ్గా అక్కడే కనిపిస్తుంది. ఇక నైట్రేట్ విఘటనంలో వెలువడే గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ విషపూరితమన్న సంగతిని ఎవరూ ఎత్తరు.

పదార్థశాస్త్ర పరిశోధకురాలు:
అధ్యాపకులవారు చెప్పిన ఎఫ్‌టీఐఆర్ సంగతి నిజమే. అయితే కషాయం కాలిపోతుంది కనుక దానికి పాత్ర లేదనడం కుదరదు, ఎందుకంటే కాలిపోవడమే దాని పాత్ర. నైట్రేట్ ఆక్సీకారిణిగానూ, కషాయంలోని చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు ఇంధనంగానూ పనిచేస్తాయి. బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో కె.సి.పాటిల్ బృందం 1980లలో యూరియా వంటి ఇంధనాలతో రూపొందించిన దహన సంశ్లేషణలోని సూత్రం ఇదే. పైగా సోడియం హైడ్రాక్సైడ్‌తో అవక్షేపం చేస్తే సోడియం పోయేదాకా పదేపదే కడగాలి, ఆ నీరంతా ఇక్కడ ఆదా అవుతుంది.

అధ్యాపకుడు:
అలాగైతే దాని పేరు దహన సంశ్లేషణే, ‘హరిత’ అన్న ముద్ర ఎందుకు? కషాయం లేకుండా అదే నైట్రేట్‌ను అదే ఫర్నేస్‌లో కాల్చిన బ్లాంక్ ప్రయోగాన్ని పక్కన పెట్టనిదే ఆకు చేసిన పని ఏమిటో తేలదు. ఇక ఆ 21 నానోమీటర్ల సంగతి. ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫులో 36.25 డిగ్రీల దగ్గరి శిఖరానికి సగం ఎత్తులో వెడల్పు 0.40 డిగ్రీలుంటే శిఖరం వెడల్పు నుంచి పరిమాణం లెక్కగట్టే షెరర్ సమీకరణం అదే విలువ ఇస్తుంది. కానీ అది స్ఫటికాంశ (కణంలోని ఒక్కో చిన్న స్ఫటికం) పరిమాణమే తప్ప కణ పరిమాణం కాదు. ఒక కణంలో అలాంటి స్ఫటికాంశాలు అనేకం ఉండవచ్చు కాబట్టి టీఈఎం (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రం) తీయించకుండా కణ పరిమాణమని రాయకూడదు. పరికరం వల్ల వచ్చే వెడల్పును తీసివేశారో లేదో కూడా చెప్పాలి.

పరిశోధకురాలు:
బ్లాంక్ ఒక్కటి చాలదు, అందులో ఇంధనమే ఉండదు కదా. సిట్రిక్ ఆమ్లంతో మరొకటి చేసి, రెండింటితోనూ పోల్చాలి. సిట్రిక్ ఆమ్లంతో వచ్చిన పొడికీ వేపాకు పొడికీ తేడా లేకపోతే, ‘హరిత’ అన్న మాటను శీర్షికలోంచి తీసేయమని నేనూ అంటాను. మరో మాట: ఫర్నేస్ నుంచి తీయగానే పసుపుగా ఉండి చల్లారాక తెల్లబడటం జింక్ ఆక్సైడ్ సహజ గుణం, దానికి కంగారు పడనక్కరలేదు. చల్లారాక కూడా బూడిదరంగు పోకపోతే మాత్రం ముందుగా కార్బన్ మిగిలిందని అనుమానించాలి. ఆకులోని పొటాషియం, కాల్షియం లవణాలు ఎంత కాల్చినా పొడిలోనే ఉండిపోతాయి కనుక ఈడీఎక్స్ (పొడిలో ఏ మూలకాలున్నాయో చూపే పరీక్ష) కూడా తప్పక చేయించండి.