నెక్స్ట్ హాప్ లేచి పడుతోంది, సీపీయూ దిగట్లేదు

నైట్‌షిఫ్ట్: కోర్ రౌటర్‌లో ఓఎస్‌పీఎఫ్ (నెట్‌వర్క్ లోపలి దారులు లెక్కేసేది) మీద ఐబీజీపీ (మా రౌటర్ల మధ్య బీజీపీ, బయటి రూట్లు పంచుకునేది). రాత్రి నుంచి ఒక అప్‌లింక్ ఫ్లాప్ అవుతోంది, అంటే పోతూ వస్తూ ఉంది. నెక్స్ట్ హాప్ (ప్యాకెట్ తర్వాత వెళ్లాల్సిన రౌటర్ అడ్రస్) పోయి వచ్చిన ప్రతిసారీ బీజీపీ టేబుల్ మొత్తం తిరగేస్తోంది, సీపీయూ 90 దాటింది. ఫెయిలోవర్ (వేరే దారికి మారడం) తొందరగా అవ్వాలని పోయిన నెల నెక్స్ట్ హాప్ ట్రాకింగ్‌లో ట్రిగ్గర్ డిలే (మార్పు తెలిశాక బీజీపీ ఆగే టైమ్) 0 పెట్టింది నేనే. టెన్షన్‌గా ఉంది.

పాతకాపు: ముందు ఆ సున్నా తీసేయండి. ఓఎస్‌పీఎఫ్ లెక్క తేలకముందే బీజీపీ పరిగెత్తి, తేలాక మళ్లీ పరిగెడుతోంది. సిస్కో ఐఓఎస్‌లో డిఫాల్ట్ 5 సెకన్లు, అదే ఉంచండి. ఈ ట్రాకింగ్ లేని రోజుల్లో బీజీపీ స్కానర్ 60 సెకన్లకోసారి చూసేది. అంతసేపూ ట్రాఫిక్ గంగపాలే. ఆ బాధ పడ్డవాళ్లకి 5 సెకన్లు ఎక్కువేం కాదు.

కొత్తపోర్ట్: బీజీపీ డ్యాంపెనింగ్ (ఫ్లాప్ అయ్యే రూట్లని కాసేపు పక్కన పెట్టడం) కొడితే సరిపోదా అన్నా?

పాతకాపు: అది వేరే మందు తమ్ముడూ. అది ఈబీజీపీ (బయటి నెట్‌వర్క్‌లతో బీజీపీ) నుంచి వచ్చే ప్రిఫిక్స్‌లకి (అడ్రస్ బ్లాకులకి). ఫ్లాప్ అయిన ప్రతిసారీ పెనాల్టీ పెరుగుతుంది, హద్దు దాటితే రూట్ పక్కకి. రైప్ (యూరప్ నెట్‌వర్క్ ఆపరేటర్ల వేదిక) వాళ్లు 2006లో అసలు వాడొద్దన్నారు, డిఫాల్ట్ 2000 హద్దు మరీ కఠినమని 2013లో హద్దు 6000కి పెంచి వాడుకోమన్నారు. నెక్స్ట్ హాప్‌కి ఐఓఎస్‌లో సొంత పెనాల్టీ ఉంది, 8 సెకన్లకోసారి సగమవుతుంది. 1600 ఉంటే 800, 400, 200, 100. అంటే 100కి దిగేదాకా 32 సెకన్లు ఆగి మళ్లీ మామూలుగా చూస్తుంది.

లూప్‌బ్యాక్‌జీరో: నాకు పడింది ఇంకో దెబ్బ. సీపీయూ చల్లగా ఉంది, పీర్ (అవతలి రౌటర్) లూప్‌బ్యాక్ (దాని సొంత అడ్రస్) పోయింది, అయినా రూట్లు కదల్లేదు. చూస్తే నెక్స్ట్ హాప్ డిఫాల్ట్ రూట్ (వేరే దారి దొరకనప్పుడు వాడేది) మీద రిజాల్వ్ అవుతోంది! బీజీపీ దృష్టిలో అంతా క్షేమం, ప్యాకెట్లు మాత్రం మాయం. నెక్స్ట్ హాప్ రూట్‌మ్యాప్ (ఏ రూట్‌ని నమ్మాలో చెప్పే రూల్) పెట్టి, /32 (ఆ ఒక్క అడ్రస్‌కే ఉన్న రూట్) దొరికితేనే నమ్మమన్నాను. ఒక లూప్‌బ్యాక్ సమ్మరీలో (చాలా అడ్రస్‌లకి కలిపి ఒకే రూట్) కలిసిపోయి ఉంటే ఆ పీర్ రూట్లన్నీ ఎగిరిపోతాయి, కాబట్టి ముందు టేబుల్ చూసుకోండి.

ఫైబర్‌గాడు: అసలు రోగం ఫిజికల్ లేయర్‌లో (కేబుల్, పోర్ట్ దగ్గర) ఉంటే పైన ఎన్ని పూసినా ఇంతే. ఆ ఇంటర్‌ఫేస్ మీదే డ్యాంపెనింగ్ పెట్టండి, లింక్ కుదుటపడేదాకా ఓఎస్‌పీఎఫ్‌కి డౌన్‌గానే కనిపిస్తుంది. తర్వాత వెళ్లి ఆప్టికల్ లెవెల్ (ఫైబర్‌లో వెలుతురు బలం) చూడండి.

నైట్‌షిఫ్ట్: డిలే 5 చేశాక సీపీయూ 30కి దిగింది. తెల్లారి ర్యాక్ దగ్గరికెళ్తే, తలుపు కింద ప్యాచ్ కార్డ్ (చిన్న ఫైబర్ కేబుల్) నలిగి ఉంది. ఏసీ ఆన్ అయ్యి తలుపు అదిరినప్పుడల్లా లింక్ పోతోంది. కార్డ్ మార్చాను. ఇంటర్‌ఫేస్ డ్యాంపెనింగ్ కూడా ఉంచేశాను.

ఫైబర్‌గాడు: ఆ పాత కార్డ్ స్పేర్ డబ్బాలో వేయకండి సార్. ముక్కలు చేసి పారేయండి.