నీరు రాష్ట్ర జాబితాలో ఉన్నప్పుడు కృష్ణా బోర్డు ఎందుకు?

ప్రశ్న: గ్రూప్స్ అభ్యర్థి, విజయవాడ
రాజ్యాంగం ఏడవ షెడ్యూల్‌లోని రాష్ట్ర జాబితాలో 17వ అంశంగా నీరు, నీటిపారుదల, కాలువలు, కరకట్టలు ఉన్నాయి. రోజూ సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం దాకా నడిచి వచ్చే నాకు, ఆ గేట్ల వెనుక నిలిచిన నీరంతా మన రాష్ట్రానిదేనన్న నమ్మకం ఇది చదివాక మరింత బలపడింది. అయితే శ్రీశైలం, నాగార్జునసాగర్‌ల నుంచి ఎవరు ఎంత వాడుకోవాలన్నది కృష్ణా నదీ యాజమాన్య బోర్డులో చర్చకు వస్తున్నట్లు పత్రికల్లో చూస్తున్నాను. రాష్ట్ర అంశంలో ఆ బోర్డుకు అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో పెద్దలు వివరించగలరు.

సమాధానం: న్యాయశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు
మీరు 17వ అంశాన్ని చివరి దాకా చదివినట్లు లేదు. కోచింగ్ నోట్సుల్లో దాని తోక కత్తిరించి ఇవ్వడం మామూలే. కేంద్ర జాబితాలోని 56వ అంశానికి లోబడే రాష్ట్రానికి నీటిపై అధికారం ఉంటుందని అక్కడే రాసి ఉంది. ఆ 56వ అంశం కూడా అంతర్రాష్ట్ర నదులను కేంద్రానికి గంపగుత్తగా అప్పగించలేదు. వాటి నియంత్రణ కేంద్రం చేతిలో ఉండటం ప్రజాప్రయోజనమని పార్లమెంటు చట్టం ద్వారా ప్రకటించిన మేరకే అప్పగించింది. 1956లో వచ్చిన నదీ బోర్డుల చట్టం కింద ఒక్క బోర్డూ ఏర్పడలేదు. వివాదాలకు మాత్రం 262వ అధికరణం వేరే దారి చూపింది. ఆ దారిలోనే 1969లో ఏర్పాటైన బచావత్ ట్రిబ్యునల్, 75 శాతం విశ్వసనీయత వద్ద, అంటే నూటికి 75 ఏళ్ళు దొరుకుతుందనుకునే మేరకు, కృష్ణలో 2,060 టీఎంసీల నీరుంటుందని లెక్కగట్టి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది.

మీరడిగిన బోర్డు మాత్రం ఆ 1956 చట్టం నుంచి పుట్టలేదు. 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 85వ సెక్షన్ దానికి ఆధారం. దాని పరిధిని కేంద్రం 2021 జూలై 15న నోటిఫై చేసింది. ఆ విభజన బిల్లును మన శాసనసభ తిరస్కరించినా పార్లమెంటు ఆమోదించగలిగింది, ఎందుకంటే 3వ అధికరణం ప్రకారం సభ అభిప్రాయం కోరితే చాలు, సమ్మతి అక్కరలేదు. నా దృష్టిలో కేంద్ర, రాష్ట్రాల అధికార విభజనను అర్థం చేసుకోవడానికి మూడు జాబితాలకన్నా ఈ అధికరణమే ముఖ్యం.

సమాధానం: డెల్టా రైతు, తెనాలి
అధ్యాపకుల వారు చెప్పింది నిజమే గానీ, అంతా కేంద్రం దయ మీదే నడుస్తుందన్న అభిప్రాయం కలుగుతోంది. బచావత్ తీర్పులో కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు ఉన్నా, నారుమళ్ళ వేళకు ఎగువ నుంచి నీరు రాని ఏళ్ళు మేము చూశాము. అలాంటప్పుడు పట్టిసీమ నుంచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసే గోదావరి నీరే మాకు ఆదరువు. పోలవరం నుంచి 80 టీఎంసీలు కృష్ణకు మళ్ళిస్తే, అందుకు బదులుగా నాగార్జునసాగర్‌కు ఎగువన మహారాష్ట్రకు 14, కర్ణాటకకు 21 టీఎంసీలు వదులుకోవాలన్న 1978 నాటి ఒప్పందం రాష్ట్రాలు తమలో తాము కూర్చుని కుదుర్చుకున్నదే. దానిని ఎవరూ పైనుంచి రుద్దలేదు.

ప్రశ్న అడిగినవారు
అయితే ఆ ఒప్పందం ఏ జాబితా కిందికి వస్తుందండి? రేపు ఒక రాష్ట్రం కాదంటే దానికి బలమేమిటి?

సమాధానం: న్యాయశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు
రైతుగారి సవరణను అంగీకరిస్తున్నాను. మీరు ఆ ఒప్పందాన్ని జాబితాల్లో వెతకనక్కరలేదు. 1980లో గోదావరి ట్రిబ్యునల్ దానిని తన తీర్పులో భాగం చేసింది. 262వ అధికరణం కింద 1956లోనే విడిగా వచ్చిన అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం, గెజిట్‌లో ప్రచురితమైన ట్రిబ్యునల్ తీర్పును రాష్ట్రాలు పాటించి తీరాలి. పరీక్షలో ఈ సెక్షన్ సంఖ్యను 262వ అధికరణంతో కలిపి రాయండి.