సైకియాట్రీ ఓపీలో జబ్బు పేరు చెప్పకుండానే మాత్ర రాశారు, ఎవరైనా చెప్పండి

కర్నూలు_అక్క: పొద్దుటి నుంచి వెతుకుతున్నాను, ఏమీ అర్థం కావడం లేదు. నిన్న తమ్ముణ్ణి మొదటిసారి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లాం. మూడు గంటలు కూర్చుంటే ఇరవై నిమిషాలు మాట్లాడారు. థైరాయిడ్, బీ12 పరీక్షలు, ఒక మాత్ర రాసి రెండు వారాలకు రమ్మన్నారు. జబ్బేంటని అడిగితే "చూద్దామమ్మా" అన్నారు. మనసు బాగోలేకపోతే థైరాయిడ్ ఎందుకు? అడ్మిట్ చేయకుండా ఎలా పంపేశారు?

రాత్రి_డ్యూటీ: వయసు? ఏ మాత్ర? ఎన్నాళ్లుగా?

రిటైర్డ్_మాస్టారు: అమ్మా, ముందు మీరు చూపించింది సైకియాట్రిస్టుకా, సైకాలజిస్టుకా? చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చేసి, ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు థెరపీ చేస్తారు, మందులు రాయరు.

విజయవాడ_వాసి: కౌన్సెలింగ్, థెరపీ కూడా ఒకటి కాదు మాస్టారూ.

రిటైర్డ్_మాస్టారు: నేను ఒకటే అనలేదే.

కర్నూలు_అక్క: నేనడిగింది అది కాదండీ. ఇరవై నాలుగేళ్లు. ఎస్సిటాలోప్రామ్ 10. రెండు నెలలుగా గదిలోంచి రాడు. పెరుగన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని పక్కకు నెట్టేస్తాడు.

రాత్రి_డ్యూటీ: నేను సైకియాట్రీ పీజీని. మొదటి రోజు మేం తేల్చుకునేది జబ్బు పేరు కంటే ముందు ఒకటుంది: ఇంటికి పంపవచ్చా లేదా. చచ్చిపోవాలని అనిపిస్తోందా, ఎలాగని కూడా ఆలోచించాడా, తిండీ నీళ్లూ పూర్తిగా మానేశాడా, ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్లున్నారా అని చూస్తాం. థైరాయిడ్ తక్కువైనా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి, అందుకే ఆ పరీక్ష. ఎస్సిటాలోప్రామ్ దిగులు తగ్గించే మాత్ర, దాని గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఒక్కటి చెప్పండి: ఇంతకు ముందెప్పుడైనా నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మరీ హుషారుగా ఉన్నాడా?

కర్నూలు_అక్క: రెండేళ్ల కిందట ఓ పది రోజులు. రాత్రికి రెండు గంటలే నిద్ర. అర్ధరాత్రి బీరువా బట్టలన్నీ దించి మళ్లీ సర్దేవాడు. అప్పు చేసి మూడు ఫోన్లు కొన్నాడు. నాన్న కోప్పడ్డాక తగ్గిందనుకున్నాం. నిన్న నేను లోపలికి వెళ్లలేదు, వాడు చెప్పి ఉండడు.

రాత్రి_డ్యూటీ: ఇదే అసలు విషయం. బైపోలార్, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు మరీ హుషారు వచ్చే జబ్బు అయితే, ఈ మాత్ర ఒక్కటే ఇస్తే మళ్లీ ఆ హుషారు ఎక్కువ కావచ్చు. రెండు వారాలు ఆగకండి. ఈ రోజే ఆసుపత్రికి ఫోన్ చేసి మాత్ర సంగతి అడగండి, రేపు మీరే లోపలికి వెళ్లి ఆ ఫోన్ల సంగతితో సహా చెప్పండి. చచ్చిపోతానన్న మాట వస్తే అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఫోన్‌లో సాయానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.

రిటైర్డ్_మాస్టారు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జబ్బు గురించి తెలుసుకునే హక్కు రోగికి, అతను ఎంచుకున్న ప్రతినిధికి ఉంది. అక్క అయినంత మాత్రాన...

విజయవాడ_వాసి: దానికి వేరే చర్చ పెట్టండి మాస్టారూ.

కర్నూలు_అక్క: మీరన్నట్టే ఈ రోజు మళ్లీ ఓపీకి వచ్చాం. ఏడింటికే టోకెన్ తీసుకున్నాం, లోపలికి పిలుస్తున్నారు. థ్యాంక్స్ అండీ.