అప్‌డేట్: బావ మళ్లీ మొదలుపెట్టాడు, నేను ముట్టలేదు

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. బావా, షాపులో కుర్రాడూ, నేనూ కలిసి సంక్రాంతికి సిగరెట్లు మానేశామనీ, వాళ్లిద్దరూ మళ్లీ కాలుస్తున్నారనీ, నేనెలా నిలబడాలనీ అప్పట్లో అడిగాను కదా. ఇప్పటివరకు ఒక్కటీ ముట్టుకోలేదు. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ దండాలు.

అసలు టెన్షనంతా సాయంత్రం టీ కొట్టు దగ్గరే. బావ అగ్గిపుల్ల గీయగానే ప్రాణం లాగేసేది. సిగరెట్ ప్యాకెట్ మీద ఉండే, మానాలనుకునేవాళ్లకి సాయం చేసే 1800-11-2356 నంబరుకి ఫోన్ చేశాను. సిగరెట్ మీద కోరిక తగ్గడానికి నేను నమిలే నికోటిన్ గమ్ వాడే పద్ధతిని వాళ్లు సరిదిద్దారు. టీ తాగుతూ ఆ గమ్ నమిలితే మందు సరిగ్గా ఒంటికి పట్టదట. టీ అయ్యాక పావుగంట ఆగాలి. నెమ్మదిగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. దీంతో చాలా తేడా తెలిసింది. ఎంత గట్టిగా లాగినా కొన్ని నిమిషాలకు ఆ కోరిక దిగిపోతుంది, ఆ కాసేపూ బజారులో అటూ ఇటూ నడుస్తాను.

బావతో మాత్రం గొడవ పెట్టుకోలేదు. "ఒక్కటి కాలిస్తే ఏమవుద్దిరా" అన్నాడు. "నాకొద్దు బావా, నువ్వు మళ్లీ మానతానంటే చెప్పు, తోడుంటాను" అన్నాను. ఆయన మీద నాకు కోపం లేదు, బెంగే ఉంది. చాలామందికి మొదటిసారే కుదరదు కదా. మొన్న తనే ఆ నంబరు అడిగి రాసుకున్నాడు. ఇంకా ఫోన్ చేయలేదు.